ఐదో మీటరు

పొద్దున్నే గొట్టం దగ్గర గొడవ మొదలైంది. పెరట్లో మేకుకి చుట్టచుట్టి ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం ఒక కొస కుళాయి మూతికీ, ఒక కొస నీళ్ళ తొట్టిలోకీ వేలాడుతోంది. కోడలు దాన్ని ఊడబీకి వెలుతురుకి ఎత్తిపట్టింది. అద్దంలా ఉండాల్సిన గొట్టానికి లోపలంతా సన్నటి మట్టి పట్టింది.

"అత్తయ్యా, ఇది కొలతల గొట్టం, తొట్టికి వాడొద్దని చెప్పాను కదా."

అత్తగారు గిన్నె తోముతూ తల తిప్పలేదు. "గొట్టమన్నాక నీళ్ళు పోతాయి. నీ కొలతలప్పుడు ఇందులో పన్నీరు పోస్తున్నావా?"

మట్టి పడితే నీళ్ళ అంచు కనబడదనీ, బుడగ నిలిస్తే మట్టం తప్పుతుందనీ కోడలు చెప్పబోయింది. మట్టం తప్పితే కొండేమీ దిగి ఇంట్లోకి రాదులే అని అత్తగారు అంది. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న కొడుకు, ఈ మాత్రానికి ఇంత రభస దేనికి, ఇంకో పది మీటర్లు కొనుక్కొస్తే పోతుంది కదా అన్నాడు. దాంతో ఇద్దరూ అతని మీదకి తిరిగారు. పంపుల రిపేరు కొట్లో మూడు వారాలుగా ఒక్క మోటారూ విప్పనివాడు దేంతో కొనుక్కొస్తాడని తల్లి. కొత్తది తెచ్చినా రేపు తొట్టిలోనే ఉంటుంది కదా అని భార్య. అతను ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతోనే మగ్గు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

కోడలు గొట్టంలో గుప్పెడు గరుకిసుక, చెంబెడు నీళ్ళు పోసి, రెండు కొసలూ బొటనవేళ్ళతో మూసి, అటూ ఇటూ ఊపింది. మూడుసార్లు కడిగాక గొట్టం తేటపడింది. అప్పటికి ఎండ గోడ దిగింది.

ఊరికి ఎగువన ఉన్న మెరక చేలల్లో ఏడాదికి నాలుగైదు వానలు పడతాయి. పడ్డప్పుడల్లా అవి నీళ్ళకంటే ఎక్కువ మట్టిని పట్టుకుపోతాయి. దాన్ని ఆపడానికి వాలుకి అడ్డంగా రాతికట్టలు వేస్తున్నారు. డబ్బు ఎక్కడో ఉన్న దాతలది. పట్నంలోని ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని తెచ్చి ఊరి సంఘానికి మీటరు లెక్కన ఇస్తుంది. సంఘం అధ్యక్షుడు ఆమె బావగారే, భర్తకి అన్న. కొలతలు తీసి పుస్తకం రాసేది ఆమె. డిగ్రీ చదివిన కోడలు ఊళ్ళో ఆమె ఒక్కతే గనక ఆ పుస్తకం ఆమె చేతికి వచ్చింది. పుస్తకంతో పాటు రైటరమ్మ అన్న పేరూ వచ్చింది.

ఆ రోజు బావగారి చేలో చివరి వరస. గొట్టం కొసలు రెండు కర్రలకి కట్టారు. ఒక కర్ర రైటరమ్మ పట్టుకుంటే, రెండోది అందరూ గునపం అని పిలిచే ఆవిడ పట్టుకుని పది అడుగులు అవతలికి నడిచింది. రాళ్ళు పెకలించే ఐదుగురు ఆడవాళ్ళ జట్టుకి గునపం పెద్ద. యాభై దాటిన మనిషి, నిటారుగా ఉంటుంది, మాటా అలాగే దిగుతుంది. అసలు పేరు కూలీ పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. కర్రను కాస్త ఎగువకి జరిపి, ఇంకాస్త దిగువకి జరిపి, రెండు వైపులా నీళ్ళు ఒకే గీత దగ్గర నిలిచేదాకా ఆగి, కాలి దగ్గర చిటికెడు సున్నం చల్లింది. అలా సున్నం చుక్కలు చేను పొడవునా వంకర్లు తిరుగుతూ పోయాయి. ఆ వంకర మీదే కట్ట లేవాలి. పెద్ద రాయి అడుగున, పక్కలకి చిన్నవి, సందుల్లో చిప్పరాళ్ళు. చిప్ప బిగిసిందో లేదో గునపం మడమతో తన్ని చూసేది. కదిలితే మొత్తం విప్పించేది.

మధ్యాహ్నం రైటరమ్మ టేపు పట్టింది. ప్రతి ఐదో మీటరు దగ్గరా ఒక రాయికి ఎర్ర రంగు పూసి, పుస్తకంలో ఆ మీటరుని చివరి గడిలో రాసింది. ఆ గడికి 'ప్రజల వాటా' అని పేరు. ఐదు మీటర్లలో నాలిగింటికే డబ్బు వస్తుంది. ఐదోది ఊరి జనం సంఘానికి ఇచ్చే చేయూత. సంఘం మొదలైన నాటి నుంచీ ఆ ఐదో మీటరు కూలీ జట్టు పట్టీలోంచే తగ్గుతోంది.

"ఈ ఎర్రరాయి మీటరు చూడు రైటరమ్మా," అంది గునపం. "మిగతా నాలిగింటికంటే దీన్నే గట్టిగా కట్టాను. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"దానికెటూ డబ్బు రాదు. పేరన్నా రానీ అని."

జట్టులో నలుగురూ నవ్వారు. రైటరమ్మ కూడా నవ్వి, సంతకం కోసం పుస్తకం తిప్పి ఇచ్చింది. గునపం సంతకం నేర్చుకున్నది ఆమె దగ్గరే. మూడక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో.

*

మర్నాడు సంఘం గదిలో ఫైళ్ళు సర్దే పని పడింది. దాతల తరఫు మనుషులు మరుసటి రోజు వస్తున్నారు. వాళ్ళు చూసి తృప్తిపడితే వచ్చే మూడేళ్ళకి డబ్బు మంజూరవుతుంది. పాత గోదాములో ఒక మూలని గోడ కట్టి చేసిన గది అది. సంస్థ సూపర్‌వైజరు ఒక అట్టపెట్టె నిండా కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాయి ఎత్తినా దించినా ఫోన్‌తో ఫొటో తీస్తాడు గనక జట్టు అతనికి కెమెరా అని పేరు పెట్టింది. తేదీల వారీగా సర్దితే చాలని చెప్పి, బయట కట్టకి ఫ్లెక్సీ కట్టించడానికి వెళ్ళాడు.

ఒప్పందం కాగితాలు అడుగున ఉన్నాయి. పన్నెండు పేజీలు. రైటరమ్మ వాటిని దులిపి, మూలలు కలిపి, గుండుసూది కోసం వెతుకుతూ ఊరికే చూపు వేసింది. ఏడో పేజీలో చూపు ఆగింది. పొలం గల రైతు తన పొలంలో జరిగిన పనిలో ఐదో వంతు డబ్బుగా గానీ, సొంత కుటుంబం చాకిరీగా గానీ చెల్లించాలని ఉంది. దాని కిందే ఇంకో వాక్యం: ఈ వాటా కింద కూలీల వేతనంలో ఎలాంటి కోతా విధించరాదు.

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత పేజీ అడుగుకి చూసింది. అక్కడ బావగారి సంతకం. పక్కన తన సంతకం.

ఆ రోజు ఆమెకి బాగానే గుర్తుంది. పేజీలు గబగబా తిప్పి ఇక్కడ, ఇక్కడ అని కెమెరా వేలు పెడుతుంటే సంతకాలు పెట్టుకుంటూ పోయింది. తన సంతకం పన్నెండు చోట్లా ఒక్కలాగే వచ్చిందని లోపల సంతోషపడింది కూడా. పాలవాడి చీటీలో రూపాయి తేడా వస్తే వీధి చివరిదాకా వెనక్కి పిలిచే మనిషి తను. కొలతల పుస్తకం తెరిచి చివరి గడి మొదటి నుంచీ కూడింది. మూడు వందల అరవై మీటర్లు. జట్టు రోజుకి పదిహేను మీటర్లు కడుతుంది. అంటే ఇరవై నాలుగు రోజులు ఐదుగురు ఆడవాళ్ళు తమది కాని చేలకి ఊరికే రాళ్ళు మోశారు. ప్రతి మీటరూ తన దస్తూరీలోనే ఉంది.

కెమెరా తిరిగొచ్చాక పేజీ చూపించింది. అతను ఫోను జేబులో పెట్టుకుని, మెడ గోక్కుని, ఆ కాగితం మరీ పైకి రాకుండా సర్దమన్నాడు. ప్రజలు తమ చేతినుంచి కొంత పెట్టారని చూపిస్తేనే దాతలకి నమ్మకమనీ, ఎవరి చేతినుంచి అన్నది వాళ్ళు ఇంతవరకూ అడగలేదనీ అన్నాడు. సంస్థలో తన ఉద్యోగం కూడా ఏడాదికోసారి మంజూరయ్యేదేనని చివర్లో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె కళ్ళలోకి చూశాడు.

అక్కడినుంచి ఆమె బావగారింటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని మంచానికి నవారు బిగిస్తున్నాడు. ఒక కాలు పట్టెకి తన్నిపెట్టి, నవారు లాగి, ముడి వేసి, అప్పుడు తలెత్తాడు. ఆమె చెప్పిందంతా కోపం లేకుండా విన్నాడు. మొదటి మీటింగులో రైతులెవరూ పైసా తీయలేమన్నారనీ, ఆ రోజు తను ఆ వాటాని జట్టు మీదకి మార్చకపోయి ఉంటే పని వేరే ఊరికి పోయేదనీ, అప్పుడు జట్టుకి నాలుగు మీటర్లూ ఉండేవి కావనీ చెప్పాడు. ఇది ఎవరూ కాదనలేదన్నాడు.

"మీటింగులో వాళ్ళున్నారా బావగారూ?"

"ఉన్నారు. గుమ్మం బయట కూర్చున్నారు." ఆయన నవారు మళ్ళీ అందుకున్నాడు. "చూడమ్మా, నాకిది ఇష్టమై చేశానా? నా చేలో ఆఖరి వరస అయిపోయింది. కొత్త విడతలో మొదటి చేను మీదే. మూడేళ్ళుగా అందులో గింజ వేయలేదు. అది కూడా ఆలోచించుకో."

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. అతను పాత మోటారు రాగితీగ చుట్టుకుంటూ విన్నాడు. కూలీల సంగతి, వాటా సంగతి అతన్ని కదిపినట్టు లేదు. ఒక్క విషయమే అతనికి ఆశ్చర్యంగా ఉంది.

"నువ్వా, చదవకుండా సంతకం పెట్టావా?"

ఆమె పుస్తకానికి అట్ట వేసి, వెంట తెచ్చిన ఒప్పందంలోని ఏడో పేజీని పుస్తకం మొదటి పేజీ మీద పెట్టి, క్లిప్పు బిగించింది.

*

జీపు రావడానికి గంట ముందే జట్టు చేరింది. ఆరోజు పని చూపించడానికే గనక తలా ఒక తట్ట రాళ్ళు మాత్రం ఉంచుకున్నారు. రైటరమ్మ గునపాన్ని పక్కకి పిలిచి కాగితం సంగతి చెప్పింది. ఐదో మీటరు మీరు ఇవ్వక్కర్లేదట, రాసి ఉంది అంది. గునపం పాతగుడ్డని చుట్టకుదురుగా మెలిపెడుతూ వింది.

"రాసి ఉందో లేదో నాకు తెలీదు," అంది. "భూమి లేనిదాన్ని భూమికి వాటా ఇస్తున్నానని మాత్రం తెలుసు. నీకు ఇప్పుడు తెలిసిందా?"

ఇవాళ ఆ పేజీ వాళ్ళకి చూపిస్తానని రైటరమ్మ చెప్పింది. గునపం చుట్టకుదురు తలమీద పెట్టుకుని, సరిపోయిందో లేదో తడిమి చూసుకుని, జట్టులోకి వెళ్ళింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన లెక్కలు చూసే మనిషి, జీపు నీడ వదలలేదు. రెండో ఆవిడ అరవై ఏళ్ళ మనిషి, గుడ్డ టోపీ, చేతికర్ర. వాలు ఎక్కడానికి ఆయాసపడుతూనే ప్రతి కట్ట దగ్గరా ఆగింది. ఎగువన నిలిచిన మట్టిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి, వాసన చూసింది. చిప్పరాయిని కదిపి చూసి, కదలకపోతే తల ఊపింది. మంచి మనిషని రైటరమ్మకి అనిపించింది. అదే ధైర్యంగా కూడా ఉంది. క్లిప్పు మీద బొటనవేలు పెట్టుకుని వెనకే నడిచింది.

పెద్దావిడ జట్టు ముందు ఆగి, బావగారిని కాదని, సరాసరి గునపాన్ని అడిగింది. ఐదో మీటరు మీరు ఇష్టపడే ఇస్తున్నారా అని. మీకెంత పొలముందమ్మా అని.

కెమెరా ఫోను దించాడు. గునపం తట్ట కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది.

"రెండెకరాలమ్మా," అంది. చెయ్యెత్తి ఎగువకి చూపించింది. "అదిగో, ఆ జంటబండల పక్కన. మా వంతు వచ్చే వారం. మా భూమికి మేం ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?"

జంటబండల పక్కన ఉన్నది రైటరమ్మ వాళ్ళ చేను. జట్టులో నలుగురూ తమ కాళ్ళకేసి చూసుకుంటున్నారు. బావగారు మేఘం ఎక్కడైనా ఉందేమో అన్నట్టు పైకి చూశాడు. పెద్దావిడ గునపం చేతిని రెండు చేతులతో పట్టుకుని, అరచేతిలో కాయలు చూసి, రైటరమ్మ వైపు తిరిగింది. ఈవిడ పేరు పుస్తకంలో ఉందా అని అడిగింది.

గునపం రైటరమ్మకేసి చూసింది. బతిమాలే చూపు కాదు. గొట్టంలో నీళ్ళు గీత దగ్గర నిలిచాయో లేదో చూసేటప్పటి చూపు.

"ఉంది," అంది రైటరమ్మ. ఏడో పేజీని అడుగుకి తోసి, చివరి గడి తెరిచి చూపించింది. మూడక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో, ఏడు నెలల పాటు. పెద్దావిడ దస్తూరీ బాగుందని మెచ్చుకుంది.

జంటబండలు వెనక కనబడేలా గునపాన్ని నిలబెట్టి కెమెరా ఫొటో తీశాడు. ఆ తర్వాత జీపు దగ్గర పెద్దావిడ నాలుగు మాటలు చెప్పింది. దాతలకి డబ్బుకంటే ఇలాంటి మనసు చూపించడమే తనకి ఇష్టమంది. మూడేళ్ళకీ మంజూరు చేయమని రాస్తానంది. ఇంత ఇష్టంగా ఇచ్చే ఊరు ఇంకొంచెం ఇవ్వగలదు గనక, కొత్త విడత నుంచి వాటా ఐదులో ఒకటి కాకుండా నాలుగులో ఒకటి చేద్దామనీ, అలా మిగిలిన డబ్బుతో పక్క ఊళ్ళో కూడా కట్టలు మొదలుపెట్టవచ్చనీ అంది. కెమెరా ముందు చప్పట్లు కొట్టాడు. బావగారు కొట్టాడు. జట్టు కూడా తట్టలు దించి చప్పట్లు కొట్టింది.

జీపు దుమ్ము అణిగాక రైటరమ్మ గునపం దగ్గరికి వెళ్ళింది. ఎందుకలా చెప్పావని అడిగింది.

"వాగు అవతలి ఊళ్ళో నిరుడు ఒకాయన నిజం చెప్పాడు," అంది గునపం. "విచారణ అన్నారు. పని ఆపేశారు. రైతుకేం పోయింది, చేను చేనులాగే ఉంది. మా చెల్లెలు జట్టు ఇటుకబట్టీకి పోయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు." తట్టలో రాళ్ళు ఒకవైపు ఒరిగితే సర్దింది. "నువ్వు నిజం చెప్పి ఇంటికెళ్ళి అన్నం తింటావు రైటరమ్మా. మాకు నాలుగు మీటర్లూ పోతాయి."

"ఇప్పుడు మూడే అయ్యాయి కదా."

"అయ్యాయి." గునపం తట్ట ఎత్తుకోవడానికి వంగి, ఆగింది. "మీ చేను మాదని చెప్పినందుకు ఏమీ అనుకోకు. మీకు మూడెకరాలు కదా. రెండే అడిగాను."

అని తట్ట తలకెత్తుకుంది. ఈసారి జట్టులో ఎవరూ నవ్వలేదు.

*

మర్నాడు పొద్దున రైటరమ్మ ఒక్కతే జంటబండల దాకా వెళ్ళి, టేపు కొసని రాయికింద అదిమి, లాగి, మళ్ళీ అదిమి, చేను అడ్డంగా కొలుచుకుని వచ్చింది. వచ్చేసరికి బావగారు భోజనానికి వచ్చి ఉన్నాడు. మంజూరు మాట ఫోన్లో తెలిసిందట. అత్తగారు పెద్దకొడుకుకి మాగాయి ముక్కలు ఆరబెట్టిన మంచాన్ని జరిపి మరీ చోటు చేసి, చాప వేసింది. అన్నం, రెండు కూరలు మధ్యలో పెట్టారు. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చున్నారు.

సోమవారానికి డబ్బు పడుతుందనీ, ఆ రోజే మీ చేలో మొదలుపెడదామనీ బావగారు చెప్పాడు. భర్త ముఖం చాలా రోజులకి విప్పారింది. కట్ట లేస్తే ఈ ఏడు వానకి మట్టి నిలుస్తుంది, వచ్చే ఏడు పైరు చూడొచ్చు, కొట్టు నడిచినా నడవకపోయినా తిండికి లోటుండదు అన్నాడు. అత్తగారు అతనికి ఇంకో గరిటె కూర వేసింది.

మామూలుగా అయితే వాళ్ళు లేచాక రైటరమ్మ తింటుంది. ఆరోజు తన కంచం తెచ్చుకుని చాప కొసన కూర్చుంది. అత్తగారు గరిటె పట్టుకుని ఆమెకేసి చూసింది.

"బావగారూ, మా చేలో కట్ట నూట ఎనభై మీటర్లు వస్తుంది. ఇవాళ కొలిచాను. అందులో నాలుగో వంతు నలభై ఐదు."

"అది జట్టు చూసుకుంటుందిలే."

"జట్టు నూట ముప్పై ఐదు కడుతుంది. దానికి పూర్తి కూలీ తీసుకుంటుంది. ఆ నలభై ఐదూ మా ఇంటివాళ్ళం కడతాం. చివరి గడిలో మా పేర్లే రాస్తాను. నెల మీటింగులో అందరిముందూ చదువుతాను."

బావగారు ముద్ద కలపడం ఆపాడు. ఒక చేలో ఇలా జరిగితే మిగతా రైతులు తన మెడ మీద కూర్చుంటారన్నాడు. ఆ పుస్తకం ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వస్తుందన్నాడు. ఇమ్మంది ఆమె. ఎవరు రాసినా నలభై ఐదు మీటర్ల దగ్గర తమ ఇంటివాళ్ళ పేర్లే రాయాలంది, కట్టేది తామే గనక.

"నిన్ననేగా ఆ చేను గునపానిదని చెప్పుకున్నాం," అన్నాడు ఆయన. "వాళ్ళు మళ్ళీ వచ్చి చూస్తే, నువ్వు ఆవిడ చేలో కూలికొచ్చావనుకుంటారు."

"అనుకోనివ్వండి."

"రాళ్ళెవరు మోస్తారే?" అంది అత్తగారు.

"నేను మోస్తాను. పని తెలిసినవాళ్ళు మనిషికి రోజుకి మూడు మీటర్లు కడతారు. నాకు ఒకటి అవుతుంది. వానలకి ఐదు వారాలుంది."

భర్త వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. లెక్క తేలాక కంచంలోంచి చెయ్యి తీశాడు. ముఖంలో ఇందాకటి వెలుగు లేదు.

"పది మీటర్లు మిగిలిపోతుంది," అన్నాడు. "పది మీటర్లు గండి ఉంచి కట్ట కడితే చేలో నీళ్ళన్నీ ఆ సందులోంచే దూకుతాయి. ఉన్న మట్టి కూడా పోతుంది. అసలు కట్టకపోవడమే నయం. నీకు తెలీదా? గొంతు పెంచకుండానే అడుగుతున్నాను, తెలీదా నీకు?"

"తెలుసు."

"మరి?"

"మీరూ వస్తే మిగలదు. రాకపోతే మిగులుతుంది. ఆ పది మీటర్లు మాత్రం ఎవరిచేతా ఊరికే కట్టించను. మట్టి పోతే పోనివ్వండి."

ఆమె అన్నంలో కూర వేసుకుని కలుపుకుంది.

"సోమవారం నుంచి తెల్లారగానే పైకి వెళ్తాను," అంది. "వంట ఎవరు చేస్తారో మీరు మాట్లాడుకోండి."